టి గుర్తు, సున్నా గుర్తు

మా ఇంట్లో ఒక మోటారుసైకిలు ఉంది. వంద సీసీ బండి. పాతది. దాని వెనక రెండు పక్కలా పాల క్యాన్లు కడతాము. తెల్లవారుజామున నాలుగిళ్ళ పాలు పోయించుకొని మా ఆయన టౌనుకు పోతాడు. ఆరున్నర లోపల పాలు అక్కడ పొయ్యాలి. ఆలస్యమైతే తీసుకోరు. ఎండ ఎక్కితే పాలు విరిగిపోతాయి. అందుకే ఆ బండి మాకు ఒక పాడి బర్రెతో సమానం.

ఒకసారి ఆ బండి ఇంజిన్లో నుంచి చప్పుడు మొదలైంది. గిన్నెలో గులకరాళ్ళు వేసి ఊపినట్టు గలగలమని చప్పుడు. ఎడమ పక్క నుంచి వస్తోంది. టౌనులో ఒక మెకానిక్ కు చూపించినాము. "టైమింగ్ చైన్ సాగింది. కొత్తది వెయ్యాలి" అన్నాడు. వేసినాడు. చప్పుడు పోయింది. మేము సంతోషించినాము.

మర్నాటి నుంచి కొత్త తిప్పలు మొదలైనాయి. పది కిక్కులు కొడితే గాని బండి స్టార్టు కాదు. వాగు దాటి గట్టు ఎక్కాలంటే రొప్పుతుంది. పెట్రోలు ఎక్కువ తాగుతుంది. ఇంజిన్ దగ్గర కాలు పెట్టలేనంత వేడి. మెకానిక్ ను అడిగితే పెట్రోలు కల్తీ అన్నాడు. ఇంకోసారి ప్లగ్గు అన్నాడు. ప్లగ్గు మార్చినాము. కార్బొరేటరు కడిగించినాము. ఏం లాభం లేదు. మూడు సార్లు దారిలోనే పాలు విరిగినాయి. పాలు పోసిన వాళ్ళకు మా చేతి డబ్బు కట్టినాము.

చివరకు పక్క ఊళ్ళో ఒక ముసలి మెకానిక్ ఉన్నాడంటే అక్కడికి బండిని తోసుకొని పోయినాము. ఆయన ఇంజిన్ విప్పలేదు. ఎడమ పక్కన ఉన్న మూతలు మాత్రం విప్పినాడు. పానా పెట్టి లోపలి చక్రాన్ని మెల్లగా తిప్పినాడు. వంగి చూసినాడు. "ఒక్క పన్ను తప్పింది తల్లీ" అన్నాడు.

"పన్నేంది తాతా?" అని అడిగినాను.

"నీకు చదువు వచ్చునా?" అన్నాడు.

"రాత్రి బడిలో తెలుగు నేర్చుకున్నాను. ఇంగ్లీషు రాదు."

"మూడు అక్షరాలు చాలు. ఇట్లా కూర్చో. నేను చూపిస్తా. కొంగు మాత్రం దోపుకో" అన్నాడు.

ఆ రోజు నేను చూసింది, తెలుసుకున్నది మీకు చెబుతాను.

ఇంజిన్ కు రెండు తలుపులు

బండి ఇంజిన్లో ఒక గొట్టం ఉంటుంది. దాన్ని సిలిండరు అంటారు. దాని లోపల పిస్టన్ అనే ముక్క ముందుకూ వెనక్కూ కదులుతుంటుంది. సైకిలు పంపులో కడ్డీ కదులుతుంది చూడండి, అట్లాగే. ఆ పిస్టన్ కదలికే కడ్డీ ద్వారా క్రాంకు అనే ఇరుసును తిప్పుతుంది. ఆ ఇరుసు తిరిగితే బండి చక్రం తిరుగుతుంది.

సిలిండరు కొసన రెండు తలుపులు ఉంటాయి. వాటినే వాల్వులు అంటారు. ఒక తలుపు తెరిస్తే పెట్రోలు ఆవిరి, గాలి కలిసి లోపలికి వస్తాయి. ఇంకో తలుపు తెరిస్తే కాలిన పొగ బయటికి పోతుంది. అదే సైలెన్సరు లోంచి వచ్చే పొగ.

పిస్టన్ చేసే పని నాలుగు అడుగుల్లో ఉంటుంది. మొదట వెనక్కి జరిగి గాలిని లోపలికి పీలుస్తుంది. అప్పుడు లోపలి తలుపు తెరిచి ఉండాలి. తర్వాత ముందుకు వచ్చి ఆ గాలిని నొక్కుతుంది. అప్పుడు రెండు తలుపులూ మూసి ఉండాలి. ప్రెషర్ కుక్కరు మూత సరిగా పడకపోతే ఆవిరి నిలుస్తుందా? ఇదీ అంతే. తర్వాత ప్లగ్గు నిప్పురవ్వ వేస్తుంది. నొక్కిన గాలి భగ్గున మండి పిస్టన్ ను వెనక్కి తోస్తుంది. బండికి బలం ఇచ్చేది ఈ ఒక్క అడుగే. చివరగా పిస్టన్ మళ్ళీ ముందుకు వచ్చి పొగను బయటికి నెడుతుంది. అప్పుడు పొగ తలుపు తెరిచి ఉండాలి.

ఈ నాలుగు అడుగులకు క్రాంకు రెండు చుట్లు తిరుగుతుంది. ఒక్కొక్క తలుపు మాత్రం ఒక్కసారే తెరుచుకుంటుంది.

మరి సమయానికి తలుపులు తెరిచేది ఎవరు? క్యామ్ అనే ఇంకో ఇరుసు. దాని మీద కోడిగుడ్డు కొసలాంటి ఉబ్బులు ఉంటాయి. అది తిరిగినప్పుడు ఆ ఉబ్బు వచ్చి తలుపును తోస్తుంది. ఉబ్బు దాటిపోగానే స్ప్రింగు తలుపును మూస్తుంది. క్యామ్ కు ఒక పళ్ళ చక్రం, క్రాంకుకు ఒక పళ్ళ చక్రం. రెండింటినీ కలిపే గొలుసే టైమింగ్ చైన్. సైకిలు చైనులాగే ఉంటుంది. కాకపోతే చిన్నది, సన్నది. ఇంజిన్ లోపల నూనెలో తిరుగుతుంది కాబట్టి బయటికి కనపడదు. వెనక చక్రాన్ని తిప్పే పెద్ద చైను వేరు, ఇది వేరు.

క్యామ్ చక్రానికి పళ్ళు సరిగ్గా రెట్టింపు ఉంటాయి. కింద 14 పళ్ళు ఉంటే పైన 28. అందుకే క్రాంకు రెండు చుట్లు తిరిగితే క్యామ్ ఒక చుట్టు తిరుగుతుంది. బండి బాగా పరుగెత్తేటప్పుడు క్రాంకు నిమిషానికి 5,000 చుట్లు తిరుగుతుందనుకోండి. అంటే ఒక్కో తలుపు నిమిషానికి 2,500 సార్లు తెరుచుకొని మూసుకుంటుంది. కన్ను మూసి తెరిచే లోపల ఎన్నిసార్లో లెక్క వేసుకోండి.

ఒకే రోట్లో రెండు రోకళ్ళు

మీరు రోట్లో ఇద్దరు కలిసి దంచడం చూసే ఉంటారు. ఒకరి రోకలి పైకి లేస్తే ఇంకొకరి రోకలి దిగుతుంది. ఒకరి తర్వాత ఒకరు. పాట పాడుకుంటూ దంచినా వరస తప్పదు. ఎవరైనా ఒక్క పోటు ఆలస్యం చేస్తే ఏమవుతుంది? రోకలీ రోకలీ కొట్టుకుంటాయి. చేతులు జుమ్మంటాయి. ఒక్కోసారి రోకలి చీలుతుంది.

ఇంజిన్లో పిస్టన్ ఒక రోకలి, తలుపు ఇంకో రోకలి. రోలు ఒకటే. పిస్టన్ ముందుకు వచ్చేసరికి తలుపు వెనక్కి తప్పుకొని ఉండాలి. వాళ్ళ మధ్య వరస చెప్పేది ఆ చిన్న గొలుసే.

గొలుసు ఒక్క పన్ను తప్పితే తలుపు కొంచెం ముందుగానో ఆలస్యంగానో మూసుకుంటుంది. 28 పళ్ళ చక్రంలో ఒక్క పన్ను అంటే క్రాంకు చుట్టులో పద్నాలుగో వంతు తేడా. చిన్న తేడాలాగే అనిపిస్తుంది. కానీ నొక్కవలసిన గాలి ఆ సందులో నుంచి జారిపోతుంది. బలం తగ్గుతుంది. పెట్రోలు వృథా. ఇంజిన్ వేడెక్కుతుంది. మా బండికి జరిగింది ఇదే. నాలుగైదు పళ్ళు తప్పితే ఇంకా అన్యాయం. తలుపు తెరిచి ఉండగానే పిస్టన్ వచ్చి గుద్దుతుంది. వాల్వు వంగిపోతుంది. అప్పుడు హెడ్డు విప్పాలి, వాల్వులు కొత్తవి వెయ్యాలి. చైను ధరకు ఎన్నో రెట్లు ఖర్చు.

పాత లూనాలకు, పాత చేతక్ స్కూటర్లకు ఈ బాధ లేదు. వాటి ఇంజిన్లలో ఇట్లాంటి తలుపులే లేవు. 1985లో హీరో హోండా వాళ్ళ సీడీ 100 మన దేశంలోకి వచ్చింది. 1994లో స్ప్లెండర్ వచ్చింది. ఇట్లాంటి వంద సీసీ బండ్లతోనే ఈ చైను, ఈ తలుపులు పల్లెపల్లెకూ చేరినాయి. ఆ కంపెనీ పేరు 2011లో హీరో మోటోకార్ప్ అయింది. ఇంజిన్ మీది గుర్తులు మాత్రం పాతవే. నేను చెప్పేది ఆ రకం ఇంజిన్ గురించి.

మూడు గుర్తులు

తాత నా చేతికి టార్చిలైటు ఇచ్చినాడు. ఇంజిన్ ఎడమ పక్క మూత మీద రెండు గుండ్రటి బిళ్ళలు ఉన్నాయి. మరచెంబు మూతలాగా తిప్పితే వస్తాయి. నడుమ ఉన్న బిళ్ళ తీస్తే లోపల ఒక నట్టు కనపడింది. దానికి పానా పెట్టి తిప్పితే క్రాంకు తిరుగుతుంది. దాని కొసకు ఒక బరువైన చక్రం ఉంటుంది. మెకానిక్కులు దాన్ని మాగ్నెట్ అంటారు. పైన ఉన్న చిన్న బిళ్ళ తీస్తే ఆ చక్రం అంచు కనపడుతుంది. ఆ అంచు మీదనే అక్షరాలు చెక్కి ఉన్నాయి.

ఒక అక్షరం టి. నిలువు గుంజ మీద అడ్డకర్ర వేసినట్టు ఉంటుంది. పందిరికి గుంజ పాతినట్టు. దాని పక్కన ఒక గీత. ఈ గీత మూత మీది గాడికి ఎదురుగా వస్తే పిస్టన్ పూర్తిగా కొసకు వచ్చిందని అర్థం.

దానికి దగ్గరలోనే ఇంకో అక్షరం ఎఫ్. నిలువు గుంజకు కుడి పక్కన మాత్రమే రెండు కొమ్మలు. ఇది ప్లగ్గు నిప్పు వేసే చోటు. పిస్టన్ కొసకు రాకముందే నిప్పు పడుతుంది. అందుకే చక్రం తిప్పుతుంటే ముందు ఎఫ్ కనపడుతుంది, తర్వాత టి వస్తుంది. తొందరలో ఎఫ్ దగ్గర ఆపి అదే టి అనుకునేవాళ్ళు ఉన్నారు. "మీ బండికి ఆ పొరపాటే జరిగి ఉంటుంది" అన్నాడు తాత. రెండూ ఒకే గుంజ అక్షరాలు. నూనె మరకలో సరిగా కనపడవు. తుడిచి చూడాలి.

మూడో గుర్తు ముందు పక్కన, హెడ్డు దగ్గర ఉంటుంది. అక్కడి గుండ్రటి మూత తీస్తే క్యామ్ పళ్ళ చక్రం కనపడుతుంది. దాని మీద మన సున్నా లాంటి గుర్తు ఉంటుంది. ఇంగ్లీషు వాళ్ళు దాన్ని ఓ అంటారట. నేను సున్నా అనే చదివినాను. హెడ్డు అంచు మీద చిన్న గాడి ఉంటుంది. ఈ సున్నా ఆ గాడికి సరిగ్గా ఎదురుగా నిలవాలి.

కింద టి, పైన సున్నా. రెండూ ఒకేసారి కలవాలి. ఇదీ అసలు సంగతి.

"టి ఒక్కటి కలిస్తే చాలదా?" అని అడిగినాను.

తాత గోడ మీది గడియారం చూపించినాడు. "పెద్ద ముల్లు పన్నెండు మీద ఉంది. ఇప్పుడు ఎన్ని గంటలు?" అన్నాడు.

చిన్న ముల్లు చూసి పది అన్నాను.

"పెద్ద ముల్లు ప్రతి గంటకూ పన్నెండు మీదికి వస్తుంది. ఎన్ని గంటలో చిన్న ముల్లే చెప్పాలి. టి పెద్ద ముల్లు. సున్నా చిన్న ముల్లు."

నాకు వెంటనే తెలిసిపోయింది. క్రాంకు రెండు చుట్లు తిరిగితే టి రెండు సార్లు వస్తుంది. సున్నా గాడి దగ్గరికి ఒక్కసారే వస్తుంది. టి కలిసినప్పుడు సున్నా ఎదురు పక్కన ఉంటే కంగారు పడకూడదు. ఇంకో చుట్టు తిప్పాలి. సున్నా గాడి దగ్గరికి వస్తుంది. మా బండిలో ఎన్ని చుట్లు తిప్పినా సున్నా గాడికి పక్కగానే నిలిచింది. ఒక పన్ను ఎడం. టార్చి వెలుగులో నేనే చూసినాను.

చైను మార్చే పద్ధతి

ఈ పని మనమే ఇంట్లో చెయ్యాలని నేను చెప్పను. పనిముట్లు కావాలి, చెయ్యి తిరగాలి. కానీ చూస్తూ పక్కన నిలబడేవాళ్ళకు తెలిసి ఉండాలి. టౌన్లలో ఆడపిల్లలు కూడా ఈ పని నేర్చుకుంటున్నారు. మీ ఇంట్లో ఎవరైనా నేర్చుకుంటే ఇది పనికి వస్తుంది.

బండిని నడిమి స్టాండు మీద నిలబెట్టాలి. ఇంజిన్ పూర్తిగా చల్లారాలి. గేరు న్యూట్రల్ లో పెట్టాలి. ప్లగ్గు విప్పితే లోపల గాలి అడ్డం ఉండదు, చక్రం తేలిగ్గా తిరుగుతుంది. పాత చైను విప్పకముందే టి, సున్నా రెండింటినీ కలిపి పెట్టాలి. ఇది చాలామంది చెయ్యరు. విప్పిన తర్వాత వెతుక్కుంటారు. తాత అయితే గుర్తుల మీద గోళ్ళరంగు చుక్క పెడతాడు. తెల్లటి రంగైతే నూనెలో కూడా కనపడుతుంది.

చక్రాన్ని ఎటు తిప్పాలి? ఈ ఇంజిన్లో ఎడమ పక్క నుంచి చూస్తే గడియారం ముల్లు తిరిగే దిక్కుకు ఎదురు దిక్కు. టి దాటిపోయిందా? వెనక్కి లాగకూడదు. మళ్ళీ ముందుకే తిప్పుకొని రావాలి. వెనక్కి తిప్పితే చైను ఒక పక్క వదులవుతుంది, గుర్తు కలిసినట్టే కనపడి మోసం చేస్తుంది.

ఇంకో మాట. గుర్తును సూటిగా చూడాలి. తక్కెడ ముల్లును పక్క నుంచి చూస్తే తూకం తప్పుగా కనపడుతుంది కదా! ఇక్కడా అంతే. వంగి, కన్ను గాడికి ఎదురుగా పెట్టి చూడాలి.

తర్వాత చైను బిగువు తగ్గించాలి. చైనును ఎప్పుడూ బిగువుగా ఉంచే ఏర్పాటు ఒకటి ఉంటుంది, దాన్ని టెన్షనర్ అంటారు. అప్పుడు క్యామ్ చక్రం బోల్టులు విప్పుతారు. ఈ బోల్టు గాని, వాషరు గాని చైను సందులో పడితే ఇంజిన్ అడుగుకు పోతుంది. అందుకని సందులో శుభ్రమైన గుడ్డ కుక్కాలి. చైను కూడా లోపలికి జారకుండా ఒక తీగ కట్టి పెట్టుకోవాలి. మెడలో తాడు లేని చేద బావిలో పడితే ఎట్లా? అదే తిప్పలు.

కొత్త చైను ఎక్కించాలంటే మాగ్నెట్ చక్రం విప్పక తప్పదు. చైను దాని వెనక ఉంటుంది. దానికి పుల్లర్ అనే పనిముట్టు ఉంది. సుత్తితో కొట్టి తీసేవాడి దగ్గర పని చేయించవద్దు. తిరిగి బిగించేటప్పుడు ఆ చక్రానికీ ఇరుసుకూ మధ్య ఉండే చిన్న మేకు లాంటి కీ దాని చోట్లో కూర్చోవాలి. అది జరిగితే టి గుర్తే తప్పు చెబుతుంది.

ఇప్పుడు అసలు పని. కింద టి గాడికి కలిసి ఉందో లేదో చూడాలి. క్యామ్ చక్రాన్ని చైనులోకి దూర్చి, సున్నా గాడికి ఎదురుగా ఉండేట్టు కూర్చోబెట్టాలి. టెన్షనర్ లేని పక్కన చైను బిగువుగా ఉండాలి. వదులంతా టెన్షనర్ పక్కకు పోవాలి. లేకపోతే బోల్టులు బిగించి టెన్షనర్ వదలగానే అది వదులును లాగుతుంది. అప్పటిదాకా బాగున్న సున్నా పక్కకు జరిగిపోతుంది. మొదటిసారి చేసేవాళ్ళు ఎక్కువగా ఇక్కడే దెబ్బ తింటారు. అప్పుడు చైనులో నుంచి చక్రాన్ని తీసి ఒక పన్ను మార్చి మళ్ళీ కూర్చోబెట్టాలి.

బిగించినాక వెంటనే కిక్కు కొట్టకూడదు. చేత్తో, పానాతో, మెల్లగా రెండు పూర్తి చుట్లు తిప్పాలి. టి వచ్చి గాడి దగ్గర నిలవాలి. అదే సమయానికి సున్నా కూడా రావాలి. మధ్యలో ఎక్కడైనా గట్టిగా తగిలి ఆగిపోతే బలం పెట్టవద్దు. పిస్టన్ వాల్వును తాకుతుందేమో. ఆపి, మొదటి నుంచి చూడాలి. చేతి బలానికి ఆగింది కాబట్టి బతికింది. కిక్కు బలానికైతే వంగిపోయేది.

చివరగా వాల్వుల సందు, అంటే టాపెట్లు, గేజి పెట్టి సరిచెయ్యాలి.

కొన్ని విదేశీ పెద్ద బండ్లకు గొలుసు బదులు రబ్బరు బెల్టు ఉంటుంది. హోండా వాళ్ళ గోల్డ్ వింగ్ బండికి 1975 నుంచి ఇట్లాంటి బెల్టులే వేసేవాళ్ళు. ఇటలీలో తయారయ్యే డుకాటీ బండ్లు చాలావాటికీ బెల్టే. మన మారుతి 800 కారుకూ బెల్టే ఉండేది. బెల్టుతో ఒక ఇబ్బంది ఉంది. గొలుసు సాగితే గలగలమని చెబుతుంది. బెల్టు ఏమీ చెప్పకుండా ఒకరోజు తెగిపోతుంది. అందుకే చెప్పిన గడువుకు మార్చాలి. పాత బుల్లెట్ కు గొలుసూ లేదు, బెల్టూ లేదు. పళ్ళ చక్రాలే ఒకదానికొకటి పట్టుకొని ఉంటాయి. అయినా వాటి మీద కూడా చుక్కలు ఉంటాయి. చుక్కకు చుక్క కలపాలి. బండి ఏదైనా గుర్తు లేకుండా లేదు.

మెకానిక్ ను అడగండి

చైను మార్పించినప్పుడు ఇట్లా అడగవచ్చు. "తమ్ముడూ, మూత బిగించక ముందు టి, సున్నా ఒకసారి చూపించు." పని వచ్చినవాడైతే సంతోషంగా చూపిస్తాడు. "మీకెందుకమ్మా ఇవన్నీ" అంటే, "డబ్బు మాదే కదా నాయనా" అనండి.

బండి మొరాయిస్తే ప్రతిసారీ చైను తప్పే అనుకోవద్దు. ప్లగ్గు, కార్బొరేటరు, పెట్రోలులో నీళ్ళు, ఇవన్నీ ఇట్లాంటి లక్షణాలే చూపిస్తాయి. కానీ చైను మార్చిన మర్నాటి నుంచే మొరాయిస్తే ముందు చూడవలసింది గుర్తులనే. మూతలు విప్పి చూడటానికి పావుగంట చాలు. మేము ఆ పావుగంట పని చేయించక ప్లగ్గుకు, కార్బొరేటరుకు, విరిగిన పాలకు డబ్బు పోసినాము.

ఇంకొకటి. కొన్నిసార్లు సున్నా ఒక పూర్తి పన్ను కాకుండా అర పన్ను అంత పక్కకు ఉంటుంది. అది బిగించినవాడి తప్పు కాదు. చైను లింకుల్లోని మేకులు అరిగి, గొలుసు పొడుగు సాగింది. ఎట్లా కూర్చోబెట్టినా అది సరిగా కలవదు. కొత్త చైను వెయ్యవలసిందే.

తాత మా బండి క్యామ్ చక్రం తీసి, ఒక పన్ను జరిపి, మళ్ళీ పెట్టినాడు. రెండు చుట్లు తిప్పే పని నాకే ఇచ్చినాడు. పానా బరువుగా ఉంది. మెల్లగా తిప్పినాను. మొదటి చుట్టుకు టి వచ్చింది, సున్నా ఎదురు పక్కన ఉంది. రెండో చుట్టుకు ముందు ఎఫ్ కనపడింది. ఆగలేదు. ఇంకొంచెం తిప్పినాను. టి వచ్చి గాడి దగ్గర నిలిచింది. లేచి ముందు పక్క చూసినాను. సున్నా గాడికి సూటిగా ఉంది.

"చదువు" అన్నాడు తాత.

"టి. సున్నా." అన్నాను.

మూతలు బిగించేటప్పుడు వాటి కింద ఉండే రబ్బరు రింగులు తుడిచి, నూనె రాసి పెట్టినాడు. రింగు మడత పడితే అక్కడి నుంచి ఇంజిన్ ఆయిలు కారుతుందట. ప్లగ్గు బిగించినాడు. మా ఆయన కిక్కు కొట్టినాడు. రెండో కిక్కుకు బండి స్టార్టు అయింది. మర్నాడు ఆరుంబావుకే పాలు పోసి వచ్చినాడు.